నలభై ఒకటో తునక

ఉదయం తొమ్మిదీ పది.

లైబ్రరీ మూడో అంతస్తులో, చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టే బైండరు జిగురు గిన్నెలో కుంచె ముంచాడు. మళ్ళీ పైకి తియ్యలేదు. వెనకనుంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఒక్కసారి దగ్గింది. మనిషి బల్ల మీది నిఘంటువు మీదకే ఒరిగిపోయాడు. పక్క గదిలో చదువుకుంటున్నవాళ్ళు ఎవరో పుస్తకం జారవిడిచారనుకుని విసుక్కున్నారు.

చంపినవాడికి తొందరేమీ లేదు. బైండరు జేబులు వెతికాడు. వేలెడంత చీటీ దొరికింది. చదివాడు, నవ్వుకున్నాడు, తిరిగి అదే జేబులో పెట్టేశాడు. టోపీ సర్దుకుని లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు. ఇదంతా గోడ మీది కెమెరా చూసింది. దొరికిన చీటీని ఎందుకు వదిలేశాడో మాత్రం దానికి అర్థం కాలేదు.

పది కొట్టేసరికి గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో చీఫ్ గది నిండిపోయింది. చీఫ్ బుగ్గన పిప్పరమెంటు బిళ్ళ పెట్టుకున్నాడంటే కొంప మునిగిందని అర్థం. ఆవేళ రెండు పెట్టుకున్నాడు.

"టైమ్ లేదు, శ్రద్ధగా వినండి," అన్నాడు. "పోయినవాడు మన కొరియర్. చంపింది కేటలాగ్ అనే విదేశీ ముఠా. కాన్ఫరెన్స్ సెంటర్లో నదీజలాల మహాసభ జరుగుతోంది కదా, అక్కడ ఇవాళ పన్నెండింటికి బాంబు పేలుతుంది. మొత్తం ఇరవై నాలుగు హాళ్ళు. ఏ హాల్లోనో తెలీదు."

"అందరినీ బయటికి పంపించేస్తే?" అన్నాడు వైర్. బాంబులు విప్పే టీమ్‌కి అతనే పెద్ద. అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

"అలారం మోగిన మరుక్షణం వాళ్ళ మనిషి రిమోట్ నొక్కుతాడు. చడీచప్పుడు లేకుండా వెతకాలి. అలా వెతికితే ఒక్క హాలుకి ఎంతసేపు?"

"గంట పైనే సార్."

"అంటే నీకు దక్కేది ఒక్క హాలే. అదేదో ఈ చీటీలో ఉంది. రాసింది కామా."

గదిలో అందరూ సర్దుకుని కూర్చున్నారు. కామా డబుల్ ఏజెంట్. ముఠా ఆవిణ్ణి తమ మనిషే అనుకుంటోంది. ఆవిడ మూడేళ్ళుగా ఇక్కడికి కబుర్లు పంపుతోంది. మొహం చూసింది చీఫ్ ఒక్కడే. మిగతావాళ్ళు ఆవిడ నల్ల కళ్ళద్దాల గురించీ, ఎత్తు మడమల చెప్పుల గురించీ, ఐదు భాషల్లో తడుముకోకుండా అబద్ధమాడటం గురించీ కథలు కథలుగా చెప్పుకుంటారు.

చీటీని తెర మీద వేశారు. పైన ఒక అంకె, కింద ఒక మాట.

41
అని

"మాస్టారూ," అన్నాడు చీఫ్, "కొత్తవాళ్ళకి మీ తునకల సంగతి కాస్త చెప్పండి."

కిటికీ పక్క కుర్చీలోంచి, డిపార్ట్‌మెంట్‌లో కోడ్ పాఠాలు చెప్పే మాస్టారు లేచాడు. మర్యాదకి మాస్టారు అంటున్నాం గానీ, ఈ కథలో ప్రస్తుతానికి ఆయనకు బహువచనం దక్కదు. ఎందుకో ఇంకో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

"రెండు వేల ఏళ్ళ కిందట లాటిన్లో ఒకాయన చరిత్ర రాశాడు," అన్నాడు. "ఆ పుస్తకం పోయింది. ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. కానీ తర్వాత వచ్చిన వ్యాకరణవేత్తలు, వ్యాఖ్యాతలు తమ పుస్తకాల్లో 'ఫలానా ఆయన ఇలా అన్నాడు' అంటూ అక్కడో వాక్యం ఇక్కడో వాక్యం ఎత్తి రాసుకున్నారు. వాటిని ఏరి, ఎవరి మాట ఏదో తేల్చి, నేను పుస్తకం వేశాను. నూట పన్నెండు తునకలు."

"ముఠాకి అదే కోడ్‌బుక్," అందుకున్నాడు చీఫ్. "తునక నంబరిస్తారు. ఆ తునకలో ఎన్ని మాటలుంటే అదీ అసలు సంఖ్య. ఇదివరకు రెండు మెసేజీలు పట్టుకున్నాం. రెండుసార్లూ మాస్టారి పుస్తకం పొల్లుపోలేదు."

కంప్యూటర్ ముందున్న ఆపరేటరమ్మాయి అప్పటికే పేజీ తీసేసింది. "నలభై ఒకటో తునక, పందొమ్మిది మాటలు సార్. కింద ఆ 'అని' ఏంటో మాత్రం తెలీట్లేదు. మాస్టారూ?"

మాస్టారు తెర వంక చూశాడు. 'అ' రాసి దాని తోకని అంత పొడుగ్గా పక్కకి లాగే అలవాటు ఆయనకు తెలిసి ఒక్కరికే ఉంది. కామా ఎవరో ఆ క్షణంలోనే తెలిసింది. 'అని' ఎందుకు రాసిందో తెలిసింది. హాలు పందొమ్మిది కాదనీ, పదకొండనీ కూడా తెలిసింది.

నోరు తెరిచాడు. ఇరవైమంది ఆయన వంకే చూస్తున్నారు. వాళ్ళలో సగంమంది ఆయన దగ్గర పాఠాలు చెప్పించుకున్నవాళ్ళే.

"ఏదో అలవాటుకొద్దీ రాసుంటుంది," అన్నాడు. "హాలు పందొమ్మిదే."

అన్నాడండీ. అంతమాట అనేసి, నింపాదిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఆ సిగ్గుమాలిన సంగతి చెప్పక తప్పదు.

ఇరవై ఏళ్ళ కిందట ఒకే ప్రొఫెసరు దగ్గర ఇద్దరు రీసెర్చ్ చేసేవాళ్ళు. ఆమె రెండేళ్ళు పెద్ద. ఈయన ఆమెను నోరారా 'అక్కా' అని పిలిచేవాడు. లాటిన్ రాతప్రతుల్లో కొటేషన్ గుర్తులుండవు. ఎత్తి రాసిన మాట ఎక్కడ మొదలైందో చాలాసార్లు తెలుస్తుంది గానీ, ఎక్కడ ఆగిందో తెలిసి చావదు. "మనకైతే చివర 'అని' ఉంటుంది, బతికిపోతాం," అనేది అక్క. "పాపం వీళ్ళకి 'అని' లేదురా. ఏదో ఒకరోజు అదే మన కొంప ముంచుతుంది."

నలభై ఒకటో తునక దగ్గర ముంచింది. ఒక వ్యాకరణవేత్త ఎత్తి రాసిన వాక్యం అది. సేనాని వంతెన కాల్చేసి, అవతలి ఒడ్డున మిగిలిన తన సైనికుల్నే వదిలేశాడని పదకొండు మాటలు. ఆ పనికి అతడు బతికినంతకాలం సిగ్గుతో తలెత్తుకోలేదని ఇంకో ఎనిమిది. మొత్తం పందొమ్మిదీ చరిత్రకారుడివే అన్నాడు ఈయన. సేనాని సిగ్గుపడ్డాడని చెప్పే ఏకైక ప్రాచీన సాక్ష్యం ఇదేనని థియరీ కట్టాడు. పేరొచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆ చివరి ఎనిమిదీ వ్యాకరణవేత్త సొంత పైత్యమనీ, చరిత్రకారుడు సిగ్గు ఊసే ఎత్తలేదనీ అక్క వాదించింది.

ఒకరోజు ఆమె దగ్గర్నుంచి కవరొచ్చింది. ఇంకో ఊళ్ళో దొరికిన, ఇంకా పాత రాతప్రతి ఫొటో. పదకొండో మాట తర్వాత రెండు చిన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి: 'హాక్తెనుస్ ఇల్లె'. అంటే 'ఇంతవరకు ఆయన మాట'. తర్వాత నకలు రాసినవాడెవడో వాటిని ఎగరగొట్టేశాడు. లాటిన్లో 'అని' దొరికింది! ఉత్తరం అడుగున అక్క రాసింది: "నా దగ్గరున్న ప్రింటు ఇదొక్కటే. అచ్చుకి వెళ్ళకముందే చూసుకో. నేనెవరికీ చెప్పలేదు."

ఈయనేం చేశాడు? ఫొటోని సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ సొరుగుకి తాళమెందుకండీ అని ఇల్లాలు అడిగితే కసురుకున్నాడు. మరుసటేడు ఆ ఊళ్ళో అగ్నిప్రమాదం జరిగి రాతప్రతి కాలిపోయిందని వార్త వస్తే, చెప్పుకోడానికే సిగ్గుచేటు, ఊపిరి పీల్చుకున్నాడు. పుస్తకాన్ని పందొమ్మిది మాటలతోనే వేశాడు. అదీ చాలక కింద ఫుట్‌నోట్ తగిలించాడు: 'పదకొండు మాటలే అన్న ఒక పరిశోధకురాలి ఊహ పరిశీలనకు తగదు.' ఆ ఒక్క వాక్యం చూసి అక్కని ఉద్యోగం ఇంటర్వ్యూ నుంచి వెనక్కి పంపేశారు. తర్వాత ఆమె ఏమైందో ఈయన కనుక్కోలేదు. కనుక్కోవాలంటే భయం.

కాన్ఫరెన్స్ సెంటర్‌కి కారులో వెళ్తూంటే మాస్టారికి మిగతా లెక్క కూడా తేలిపోయింది. చీటీ ముఠా చేతికి చిక్కినా పందొమ్మిది అనే చెబుతుంది. బాంబు అక్కడ లేదు కదా! పోలీసుల్ని తప్పుదారి పట్టించడానికి కామా వేసిన ఎత్తనుకుని వాళ్ళు మురిసిపోతారు. మురిసిపోయే చీటీని జేబులో వదిలేశారు. కింద రాసిన 'అని'ని బట్టి దాన్ని పదకొండని చదవగలిగినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. తన ప్రాణాన్నీ, హాల్లో ఉన్న మూడువందలమంది ప్రాణాల్నీ అక్క ఆ ఒక్కడి నిజాయితీకి వదిలేసింది.

సిగ్గుతో ఆయనకు చచ్చినంత పనైంది. అయినా నోరు పెగల్లేదు. ముందు పందొమ్మిది చూడనీ, అక్కడేమీ లేకపోతే 'ఇంకో అవకాశం కూడా ఉంది' అని నెమ్మదిగా అందాం అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఇలాంటి సర్దిచెప్పుకోవడాల్లో ఆయనకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది.

మాస్టారి వేషం సౌండ్ మెకానిక్‌ది. నీలం ఓవరాల్, అతికించిన మీసం, చేతిలో టూల్‌బాక్స్. కళ్ళజోడు కాడలో వైర్‌లెస్ రిసీవర్, చొక్కా గుండీలో మైకు. టూల్‌బాక్స్‌లో ఒక స్క్రూడ్రైవర్ ఉంది. ఏ హెడ్‌ఫోన్ వైపు గురిపెట్టి దాని పిడి నొక్కితే ఆ హెడ్‌ఫోన్లోకి చెవులు చిల్లులు పడే కూత వెళ్తుంది. డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో దాన్ని పరీక్షించినవాడికి నెల రోజులు సరిగా వినపడలేదు.

పదకొండున్నరకి కళ్ళజోడులో వైర్ గొంతు పలికింది. "కుర్చీలన్నీ తిరగేశాం మాస్టారూ. స్టేజీ సగం విప్పేశాం. ఏమీ లేదు. పందొమ్మిదేనంటారా?"

"చూడు, చూడు," అన్నాడు మాస్టారు. కాళ్ళు మాత్రం వాటంతటవే పదకొండో హాలు వైపు నడిచాయి.

హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద ఒక విదేశీ ఇంజనీరు కాగితం చూసి చదువుతున్నాడు. వెనక గోడకి అద్దాల బూత్ ఉంది. ఉపన్యాసాన్ని దుబాసీ అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి చెప్పే చోటు అది. ఆ దుబాసీ అక్క. పట్టు స్కార్ఫు, నెత్తి మీదికి తోసుకున్న నల్ల కళ్ళద్దాలు. జుట్టులో ఒక పాయ నెరిసింది. ఆమె వెనక టెక్నీషియన్ బ్యాడ్జీ పెట్టుకున్న ముఠా మనిషి నిలబడ్డాడు. చెవులకి హెడ్‌ఫోన్, ఒక చెయ్యి జేబులో. బాంబు పేలితే బూత్ కూడా మిగలదు. ఆ సంగతి వాడికి పైవాళ్ళు చెప్పినట్టు లేదు.

అక్క తల తిప్పి అద్దంలోంచి చూసింది. అతికించిన మీసం ఆమెనేం మోసం చెయ్యలేదు. మాస్టారు వెనక వరసలో ఒక హెడ్‌ఫోన్ తీసి చెవులకి పెట్టుకున్నాడు.

"...ఎగువ దేశం గేట్లు ఎత్తామంటుంది, దిగువ దేశం నీళ్ళు రాలేదంటుంది, రెండు మాటలూ రికార్డుల్లో ఉన్నాయి అని," అంటోంది అక్క గొంతు, దుబాసీల చదును స్వరంలో. అదే స్వరంలో, తెరిపి లేకుండా, "రికార్డు తప్పని తెలిసి కూడా దాన్ని అచ్చు వేసుకున్నవాళ్ళు కనీసం ఇవాళైనా నోరు విప్పాలి."

చుట్టూ ఉన్న ప్రతినిధులు బాగా చెప్పాడన్నట్టు తలలూపారు. తెలుగు నాలుగు ముక్కలకు మించి రాని కాపలావాడు ఆమె వెనక ఆవులించాడు. 'అని' తర్వాత వచ్చింది ఇంజనీరు మాట కాదని ఆ హాల్లో ఒక్కడికే తెలిసింది.

"నది అడుగున పూడిక తియ్యడానికి మూడేళ్ళు పడుతుంది అని. కానీ ఈ వేదిక అడుగున ఉన్నది పన్నెండులోపు తియ్యకపోతే, ఇక ఎవ్వరూ తియ్యక్కర్లేదు. చిన్నవాడు కదా, తెలుసుకుంటాడని ఇన్నాళ్ళూ ఊరుకున్నాం."

చిన్నవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆమె ఫొటో పంపింది కూడా ఆ లెక్కనే. మాస్టారు గడియారం చూశాడు. టైమ్ పదకొండూ నలభై నాలుగు. గోడవైపు తిరిగి గుండీ పట్టుకున్నాడు.

"అందరూ వినండి," అన్నారు మాస్టారు. అవును, ఇక్కణ్ణుంచి బహువచనమే. "హాలు పదకొండు. బాంబు వేదిక కింద. వైర్, పరిగెత్తు. హాల్లోకి మాత్రం నడిచి రా."

"సార్, పుస్తకంలో పందొమ్మిది..." ఆపరేటరమ్మాయి గొంతు.

"పుస్తకం తప్పమ్మా. ఆ ఎనిమిది మాటలూ ఆయనవి కావు. నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు."

"మరి పొద్దున?"

"పొద్దున కూడా తెలుసు."

వైర్‌లెస్‌లో నలభైమంది ఉన్నారు. అందరూ విన్నారు. తిట్టినా బాగుండేదని మాస్టారికి అనిపించింది.

పన్నెండుకి ఏడు నిమిషాలు ఉందనగా పక్క తలుపులోంచి వెయిటర్ వేషంలో వైర్ వచ్చాడు, ట్రేలో మంచినీళ్ళ సీసాలతో. వేదిక ముందు సీసా జారవిడిచాడు. అయ్యయ్యో అంటూ వంగాడు. వేదిక చుట్టూ కట్టిన గుడ్డ ఎత్తి కిందికి దూరిపోయాడు. ఇంజనీరు పూడిక లెక్కలు చదువుతూనే ఉన్నాడు.

మూడు నిమిషాలు గడిచాయి. ఈలోగా మాస్టారు టూల్‌బాక్స్ పట్టుకుని బూత్ తలుపు తట్టారు. "లైన్లో గరగర వస్తోందంట, చూసి పొమ్మన్నారు."

"ఏం అక్కర్లేదు, పో," అన్నాడు కాపలావాడు. అంతలోనే వాడి చూపు వేదిక మీద పడింది. గుడ్డ కదులుతోంది. లోపలికెళ్ళిన వెయిటర్ బయటికి రాలేదు. వాడి భుజం బిగుసుకుంది. జేబులో చెయ్యి కదిలింది.

మాస్టారు స్క్రూడ్రైవర్‌ని వాడివైపు తిప్పి పిడి నొక్కారు.

వాడు కెవ్వుమని రెండు చేతులూ చెవుల మీద వేసుకున్నాడు. జేబులోంచి రిమోట్ ఎగిరి కార్పెట్ మీద పడింది. అక్క మైకు స్విచ్ ఆపి, ఎత్తు మడమ చెప్పు ఊడదీసి, వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. వాడు కిందపడ్డాడు. మాస్టారు వాడి మీద కూర్చున్నారు. యాభై రెండేళ్ళ మనిషికి అంతకన్నా మంచి పట్టు తెలీదు. అక్క మైకు మళ్ళీ వేసి, "క్షమించాలి, చిన్న సాంకేతిక అంతరాయం," అని తెలుగు వినేవాళ్ళకి మర్యాదగా చెప్పింది.

గోడ గడియారంలో ముళ్ళు రెండూ ఒకటవబోతున్నాయి. ఇక హాలు ఖాళీ చేయించే టైమ్ లేదు. కళ్ళజోడులో వైర్ ఊపిరి తప్ప ఏమీ వినపడటం లేదు. ఇంజనీరు కాగితం తిప్పాడు. అక్క తర్జుమా చేస్తూనే, రెండో చేత్తో మాస్టారి భుజం పట్టుకుంది.

"ఆగింది," అన్నాడు వైర్. "మూడు సెకన్లు మిగిలాయి."

టోపీవాడు గేటు బయట కారులో, పేలుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుని దొరికిపోయాడు. మిగతా ముఠా మూడు గంటలకల్లా లోపలుంది. అందరూ చేతులు కలుపుకున్నారు. మాస్టారి దగ్గరికి వైర్ ఒక్కడే వచ్చాడు. వెయిటర్ కోటు ఇంకా విప్పలేదు.

"గంట పైగా పందొమ్మిదిలో కుర్చీలు తిరగేశాను మాస్టారూ," అన్నాడు మెల్లగా. "నాకిద్దరు పిల్లలు." అంతే అని వెళ్ళిపోయాడు. మాస్టారికి తలకొట్టేసినట్టయింది.

ఖాళీ అయిన హాల్లో అక్క ఒంటి చెప్పుతో కూర్చుని రెండో చెప్పు మడమ సరిచేసుకుంటోంది.

"అక్కా."

"ఇంకా గుర్తుందన్నమాట, ఆ పిలుపు."

"క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లట్లేదు. పొద్దున తెలిసి కూడా చెప్పలేదు. నా పరువు పోతుందని మూడువందలమందిని..." మాట పూర్తి చెయ్యలేక ఏడ్చేశారు.

"ఏడవకు. మీసం ఊడిపోతుంది." ఆమె గొంతులో జాలి ఉందో కోపం ఉందో తెలీలేదు. "చెప్తావనే నమ్మి బూత్‌లో కూర్చున్నాను. పదకొండూ నలభై దాటాక మాత్రం నిన్ను ఐదు భాషల్లోనూ తిట్టుకున్నాను. నాకు క్షమాపణ వద్దురా. అచ్చు కావాలి."

ఆ రాత మాస్టారు ఆ సాయంత్రమే రాశారు. పరిశోధకుల పత్రికకి, ఒక్క పేజీ. నలభై ఒకటో తునక పదకొండు మాటలే. మిగిలిన ఎనిమిదీ వ్యాకరణవేత్తవి. తప్పు నాది, తెలిసి చేసిన తప్పు. దాన్ని ఇరవై ఏళ్ళ కిందటే కనిపెట్టి, సాక్ష్యం పంపినది ఫలానా ఆమె. సొరుగు తాళం తీసి ఫొటో కూడా జతచేశారు. ఫుట్‌నోట్‌కి వేరే క్షమాపణ రాశారు. సంతకం పెట్టాక, చాలా ఏళ్ళకి, కడుపునిండా గాలి పీల్చుకున్నట్టయింది.

డిపార్ట్‌మెంట్ మనిషి ఏది అచ్చు వేయించాలన్నా చీఫ్ చూడాలి. చీఫ్ చూశాడు. అంతా ఒప్పుకున్నాడు. ఒక్కచోట మాత్రం నల్ల సిరాతో అడ్డంగా కొట్టేశాడు.

"ఆవిడ పేరు సార్! అసలు రాసిందే ఆ పేరు కోసం."

"డబుల్ ఏజెంట్ పేరు పత్రికలో వేస్తారా మాస్టారూ? వచ్చే నెల ఆవిడ ఇంకో ముఠాలో చేరుతోంది. చంపేస్తారు. యాభై ఏళ్ళ తర్వాత ఫైలు తెరుస్తాం, అప్పుడు వేసుకోండి."

పత్రిక వచ్చింది. పేరు ఉండాల్సిన చోట నల్లటి గీత. నెల తిరక్కుండా ఇద్దరు ప్రొఫెసర్లు సంపాదకుడికి ఉత్తరాలు రాశారు. ఇంత నిశితమైన పరిశీలన మాస్టారికి తప్ప ఇంకెవరికి సాధ్యమన్నారు. ఆ పేరులేని పరిశోధకురాలు ఆయన వినయంతో కల్పించిన పాత్ర తప్ప మరొకటి కాదని తేల్చేశారు. మూడో ఉత్తరం పండితుల సంఘం నుంచి నేరుగా ఇంటికొచ్చింది. సొంత తప్పును సొంతంగా కనిపెట్టిన మహనీయుడికి సన్మానం చేస్తారట.

మాస్టారు చీఫ్ దగ్గర్నుంచి నంబరు బతిమాలి సంపాదించి అక్కకి ఫోన్ చేశారు. ఉత్తరం చదివి వినిపించారు. "నేనేం చెయ్యనక్కా? కాదని చెప్పడానికి వీల్లేదు. అవునని చెప్పడానికి సిగ్గు."

అవతల చాలాసేపు నవ్వు ఆగలేదు. తర్వాత ఆ నవ్వు నవ్వులా వినిపించలేదు. "వెళ్ళు," అంది అక్క చివరికి. "వెళ్ళి, వాళ్ళు పొగిడినంతసేపూ నిలబడు. కూర్చోకు."

మాస్టారు వెళ్ళారు. రెండున్నర గంటలు పొగిడారు. డిపార్ట్‌మెంట్ రికార్డుల ప్రకారం ఆయన తట్టుకున్న ఇంటరాగేషన్లన్నిటిలోకీ అదే పెద్దది.